గాంబియర్ తోటల బాకీ

సింగపూర్ దీవి నడిమికి కాస్త పడమరగా, బుకిట్ తిమా కొండకు ఉత్తరాన, పొడుగ్గా సాగిన గుట్టల వరస ఒకటి ఉంది. అదే బుకిట్ పంజాంగ్. 1980ల నుంచి ప్రభుత్వం కట్టిన ఎత్తైన ఇళ్ళ సముదాయాలు, వాటి మధ్య 1999లో మొదలైన చిన్న రైలు, పక్కనే ఎక్స్‌ప్రెస్ వే చూస్తే ఇది నిన్నమొన్న పుట్టిన ఊరనిపిస్తుంది. పాతకాలం వాళ్ళకు మాత్రం ఇది పట్నం నుంచి క్రాంజి వైపు వెళ్ళే దారిలో పదో మైలు. ఆ దారి వేసే పనిలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు, బెంగాల్ రాజధానుల నుంచి పంపిన ఖైదీల చెమట ఉంది. దారికి అటూ ఇటూ అప్పట్లో ఉన్నది అడవి, ఆ అడవిని నరికి వేసిన గాంబియర్, మిరియాల తోటలు. వాతావరణం చెడినప్పుడు ఆ నష్టం ఎవరి పద్దులో పడుతుంది, లాభం ఎవరి పద్దులో మిగులుతుంది అన్న ప్రశ్నకు ఈ గుట్టల చరిత్రలో చాలా స్పష్టమైన జవాబు దొరుకుతుంది. సింగపూర్ తన నేలను పాడుచేసుకుని కూడా బాగుపడింది. పోయినదాన్ని తెచ్చుకోవడానికి పక్కనే, జలసంధి అవతల, జోహోర్ రాజ్యం ఉండడమే అందుకు ముఖ్యమైన కారణమని నా వాదన. వేడెక్కుతున్న ఇవాళ్టి లోకంలో పేద దేశాలకు అలాంటి పొరుగు లేదు.

గాంబియర్ ఒక తీగలాంటి పొద. దాని ఆకుల్లోంచి తీసే సారం మన తాంబూలంలోని కాచుకు దగ్గరి చుట్టం. మలయ్ వాళ్ళు దాన్ని వక్కాకులతో నమిలేవారు. 1819లో కంపెనీ తరఫున రాఫిల్స్ దిగేనాటికే దీవిలో ఇరవై దాకా చైనీయుల గాంబియర్ తోటలు ఉన్నాయి. 1830లలో ఇంగ్లండులోని తోళ్ళ కర్మాగారాలూ అద్దకం పనివాళ్ళూ దీన్ని కొనడం మొదలుపెట్టాక ఇది తాంబూలం సరుకు కాస్తా కర్మాగార సరుకైంది. తోటలో పని ఇలా సాగేది. ఆకులూ లేత కొమ్మలూ కోసి, పెద్ద ఇనప బాణలిలో నీళ్ళు పోసి, గంటల తరబడి మరిగిస్తారు. పిప్పిని కొయ్య పంగలతో తోడి పక్కన పడేస్తారు. చిక్కబడ్డ రసాన్ని తొట్లలో పోసి, మెత్తటి కర్రతో కలియదిప్పుతూ ఉంటే పసుపుపచ్చ బంకమట్టిలా గడ్డకడుతుంది. దాన్ని బిళ్ళలుగా కోసి వెదురు తడికల మీద ఎండబెడతారు. పిప్పి మిరియాల పాదులకు ఎరువవుతుంది, అందుకే రెండు పంటలూ ఎప్పుడూ జంటగానే ఉండేవి. చూడ్డానికి ఏదీ వృథా కాని పొదుపైన సేద్యం. అసలు ఖర్చు పొయ్యి కింద ఉంది. పొయ్యి ఆరకూడదు, అందుకు వంటచెరకు కావాలి; తోట ఎంత విస్తీర్ణమో దాదాపు అంత అడవి పొయ్యికి కూడా కావలసి వచ్చేది. పదిహేను, ఇరవై ఏళ్ళలో నేల సారం ఇంకిపోయేది, చుట్టూ కట్టె అయిపోయేది. అప్పుడు తోటను వదిలేసి ఇంకో అడవిలోకి నడిచేవారు. 1840ల చివరికి దీవిలో గాంబియర్ సుమారు 24 వేల ఎకరాలు, మిరియాలు ఇంకో రెండున్నర వేల ఎకరాలు ఆక్రమించాయి. వదిలేసిన నేలలో లాలాంగ్ లేచింది. అది మన దర్భే. ఒకసారి వేళ్ళూనితే వేరే మొక్కను రానివ్వదు, నాలుగు రోజులు వాన లేకపోతే భగ్గున అంటుకుంటుంది.

ఈ తోటల్లో డబ్బు ఎటు పారిందో చూడాలి. కొండల్లో పొయ్యి ముందు నిలబడ్డవాడు దక్షిణ చైనా నుంచి ఓడ ఖర్చు అప్పు మీద వచ్చిన కూలీ. తోట యజమాని కూడా చాలాసార్లు పట్నం షావుకారుకు బాకీపడ్డ మనిషే. షావుకారు బియ్యం, ఉప్పుచేప, నల్లమందు ముందుగా అప్పిచ్చేవాడు, పంట చేతికొచ్చాక తాను చెప్పిన ధరకు తీసుకునేవాడు. సింగపూర్ సుంకాలు లేని రేవు అని పేరు పడింది. సుంకం లేకపోతే ప్రభుత్వం నడిచేదెలా? నల్లమందు అమ్మే హక్కును గుత్తకిచ్చి ఆ డబ్బుతో నడిచింది. పందొమ్మిదో శతాబ్దంలో చాలా ఏళ్ళు ఖజానాలో సగానికి దగ్గరగా అదే. ఆ నల్లమందు ఎక్కువగా తాగింది ఈ కూలీలే. అడవిలోకి తోటలు చొరబడిన కొద్దీ పులులు మనుషుల మీద పడ్డాయి. 1854లో బుకిట్ తిమాలో ఫ్రెంచి మిషను దగ్గర బసచేసి, రెండు నెలల్లో ఏడు వందల పెంకుపురుగు జాతులు సేకరించిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వాలెస్, పులులు రోజుకొక చైనీయుణ్ణి చంపుతున్నాయని రాశాడు. ఆ లెక్క ఎంత కచ్చితమైనా కాకపోయినా, ప్రాణం పోయినవాడు కూలీ అన్నది మాత్రం నిజం. తోలు మెరుగు ఇంగ్లండుకు, వడ్డీ షావుకారుకు, గుత్త ఖజానాకు పోయాయి. గుట్టకు లాలాంగ్ మిగిలింది.

అడవి అయిపోవచ్చినప్పుడు తోటలు జలసంధి దాటాయి. జోహోర్ పాలకుడు తెమెంగోంగ్ ఇబ్రహీం 1844 నుంచి చైనీయ నాయకులకు ఒక్కొక్క నదీలోయను పట్టా రాసివ్వడం మొదలుపెట్టాడు. పట్టా పుచ్చుకున్నవాడు ఆ లోయకు సర్వాధికారి. బుకిట్ పంజాంగ్ లాంటి చోట్ల ఏ పద్ధతిలో అడవి కరిగిందో అదే పద్ధతి జోహోర్ నదుల వెంట ఇంకో డెబ్బై ఏళ్ళు సాగింది, 1917లో ఆ పట్టాల ఏర్పాటు రద్దయ్యేదాకా. సరుకు మాత్రం సింగపూర్ రేవుకే వచ్చేది. షావుకారు పుస్తకం మూయవలసిన అవసరం రాలేదు; కొత్త పేజీ తిప్పాడు, అంతే.

ఇదంతా ఎవరి కంటా పడలేదనుకోవడం పొరపాటు. 1848లోనే జేమ్స్ రిచర్డ్‌సన్ లోగన్ సింగపూర్ నుంచి నడిపే తన పత్రికలో, పినాంగ్ కొండల అడవిని ఇలా నరుకుతూ పోతే అక్కడి వాతావరణం ఏమవుతుందోనని ప్రత్యేకంగా వ్యాసం రాశాడు. సరిగ్గా అదే కాలంలో మద్రాసులో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే వైద్యుడు చెట్లకూ వానకూ, నేలలో తేమకూ ఉన్న సంబంధం గురించి రాశాడు. 1856లో మద్రాసు రాజధానిలో హ్యూ క్లెగార్న్ చేతిమీదుగా అటవీ శాఖ మొదలైంది. మన గోదావరి ఏజెన్సీ అడవులూ, సింగపూర్ గుట్టలూ అప్పట్లో ఒకే కలకత్తా ప్రభుత్వం కింద ఉండేవి. 1867దాకా సింగపూర్ పాలన ఇండియా నుంచే జరిగింది. అడవి పోతే ఆదాయం పోతుందన్న భయం ఈ రెండు చోట్లా ఒకేసారి, ఒకే రకం అధికారుల మనసుల్లో పుట్టడం యాదృచ్ఛికం కాదు. 1883లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ పర్యవేక్షకుడు నథానియల్ కాంట్లీ దీవి అడవుల మీద నివేదిక ఇచ్చేనాటికి మిగిలిన అడవి సుమారు 7 శాతం. ఆ నివేదిక ఫలితంగా కాపు పెట్టిన రిజర్వు అడవుల్లో బుకిట్ తిమాతోపాటు బుకిట్ పంజాంగ్ కూడా ఉంది. ఇక్కడ నన్ను బాధించేది ఒకటుంది. అడవి పోవడానికి కారణంగా అధికారుల కాగితాల్లో ఎక్కువగా కనిపించేది చైనీయ తోటవాడి అజ్ఞానం, దురాశ. ఆ తోటవాడి సరుకు కొన్న ఇంగ్లండు మిల్లుగానీ, అతని నల్లమందు మీద బతికిన ఖజానాగానీ అంత గట్టిగా కనిపించవు. కాపలా పెట్టాక మొదట పట్టుబడినవాడు కూడా కట్టె కొట్టుకునే బీదవాడే.

అడవి నరకడం వేరు, బొగ్గుపులుసు వాయువుతో భూగోళం వేడెక్కడం వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. సింగపూర్‌కు వాన రెండు రుతుపవనాల వెంట సముద్రం మీదుగా వస్తుంది. గుట్టలు బోడి అయినంత మాత్రాన అది ఆగిపోలేదు, ఇవాళ్టికీ ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. లోగన్ తరం వాళ్ళు భయపడినంతగా వానలు మాయం కాలేదని ఒప్పుకోవాలి. పాడైంది నేల, వాగు, నీడ. కానీ నేను పోలుస్తున్నది వాయువుల రసాయన శాస్త్రాన్ని కాదు, జమాఖర్చును. రెండు సందర్భాల్లోనూ లాభం ముందు వస్తుంది, నష్టం తరవాత వస్తుంది. లాభం తీసుకున్నవాడు అప్పటికి ఆ చోట ఉండడు. రెండింటిలోనూ వస్తువు ధరలో ఆ నష్టం కలవదు. గాంబియర్ బిళ్ళ ధరలో పోయిన అడవి ఎలా లెక్కకు రాలేదో, బొగ్గు టన్ను ధరలో ఎక్కడో ఎండిన చేను అలాగే లెక్కకు రాదు. పోతే, స్థానికంగా కూడా వేడి నిజమే. చెట్లున్న చోటికీ కట్టడాలు కిక్కిరిసిన చోటికీ మధ్య రాత్రివేళ నాలుగు డిగ్రీల దాకా తేడాను పరిశోధకులు సింగపూర్‌లో కొలిచారు. దానిమీద భూతాపం అదనం. 1948 నుంచి అక్కడి ఉష్ణోగ్రత పదేళ్ళకు సుమారు పావు డిగ్రీ చొప్పున పెరుగుతూ వచ్చింది.

మరి పాడైన దీవి ఎలా నిలబడింది? రబ్బరు వచ్చింది, కొండల వైపు గ్రానైట్ క్వారీలు, పాల డెయిరీ, తరవాత కూరగాయల మళ్ళు, పందుల పెంపకం వచ్చాయి. వాటి గురించి వేరే రాయవచ్చు. అసలు సంగతి నీళ్ళు. 1868 నాటి మొదటి రిజర్వాయరు, ఆ తరవాత కట్టిన ఇంకో రెండూ పెరిగిన జనానికి చాలలేదు. 1927లో జోహోర్‌తో ఒప్పందం చేసుకుని, అక్కడి గునోంగ్ పులాయ్ కొండ నుంచి గొట్టాలు వేసి జలసంధి మీది కాజ్‌వే మీదుగా నీళ్ళు తెచ్చుకున్నారు. 1963లో కరువొచ్చి పది నెలల పాటు నీటికి రేషన్ పెట్టాల్సి వచ్చినప్పుడు సింగపూర్ ఇంకా పేద ఊరే; అంతకు ముందే, 1961లోనూ 1962లోనూ కొత్త ఒప్పందాలు కుదిరి ఉన్నాయి. 1962 ఒప్పందం ప్రకారం 2061 దాకా రోజుకు 25 కోట్ల గాలన్ల వరకు తీసుకోవచ్చు, ధర వెయ్యి గాలన్లకు మూడు సెన్లు. గాంబియర్ కూడా, ఆ తరవాత నీళ్ళు కూడా, ఒకే పొరుగు నుంచి వచ్చాయన్నది గుర్తుపెట్టుకోవలసిన విషయం. తిండీ అంతే. ఇవాళ సింగపూర్ తినేదాంట్లో నూటికి తొంభై వంతుల పైన దిగుమతే. తన నేల చేయలేని పనిని ఇంకొకరి నేల చేత చేయించుకోగలగడమే ఈ దీవి దక్షత. అందులో తప్పు లేదు. కానీ దాన్ని వాతావరణం మీద గెలుపుగా చూపించడం తప్పు.

చూపించేవాళ్ళు ఉన్నారు. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఎడంలో, ఏడాది పొడుగునా 27, 28 డిగ్రీల వేడిలో ఉండి కూడా సింగపూర్ సంపన్నమైంది కదా, అలాంటప్పుడు వేడి పేదరికానికి కారణమెలా అవుతుంది, పాలన బాగుంటే చాలదా అని అడుగుతారు. ఇది తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదు. ఆర్థికవేత్తలు మెలిసా డెల్, బెంజమిన్ జోన్స్, బెంజమిన్ ఓల్కెన్ 2012లో అచ్చువేసిన అధ్యయనంలో తేలింది ఇది: పేద దేశంలో ఒక ఏడాది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఆ ఏటి ఆర్థిక వృద్ధి సుమారు 1.3 శాతం పాయింట్లు పడిపోతుంది. సంపన్న దేశాల్లో అలాంటి దెబ్బ స్పష్టంగా కనిపించదు. అంటే సంపద వేడికి గొడుగు పడుతుందన్నమాట నిజమే. సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ ఎయిర్ కండిషనర్‌ను అంతగా మెచ్చుకున్నది ఊరికే కాదు. అయితే ఆ గొడుగు వేడిని తగ్గించదు, లోపలున్నవాడి మీద నుంచి బయటున్నవాడి మీదికి తోస్తుంది. ఏసీకి కావలసిన కరెంటు సింగపూర్‌లో దాదాపు అంతా దిగుమతి చేసుకున్న సహజవాయువుతో పుడుతుంది. ఆ భవనాన్ని కట్టేవాడు, పైన ఇనపచువ్వలు మోసేవాడు ఎండలోనే ఉంటాడు. వాళ్ళలో అత్యధికులు మన దేశం నుంచీ బంగ్లాదేశ్ నుంచీ వెళ్ళినవాళ్ళు. ఎండా ఉక్కపోతా కలిపి కొలిచే సూచీ 33 డిగ్రీలు దాటితే బరువు పని చేసేవారికి గంటకు పదిహేను నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని 2023 అక్టోబరులో అక్కడి కార్మిక శాఖ నియమం పెట్టింది. మంచి నియమం. ఆ పదిహేను నిమిషాలు వేడికి కట్టిన వెల. ఆ వెల లెక్కగట్టే శాఖ, అమలు చేసే మేనేజరు లేని చోట, మన పల్లెల్లో ఉపాధి హామీ పనిలో, ఇటుకబట్టీల దగ్గర, కూలీ ఒంటితోనే దాన్ని చెల్లిస్తున్నాడు.

ఇప్పుడు తెలుగు నేలకు వద్దాం. గాంబియర్ తోటవాడికి పొయ్యి కింద కట్టె అయిపోతే జలసంధి దాటే వీలుండేది. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి రైతుకు ఆ వీలు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా ఒరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు రావడానికి ఆరేడేళ్ళు. పోయింది ఒక ఏటి పంట కాదు, బ్యాంకులో వేసుకున్న మూలధనం లాంటిది. ఆ ఆరేడేళ్ళూ ఇల్లు గడవాలంటే మనిషే కదలాలి. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, సింగపూర్‌లో పడేదాంట్లో నాలుగో వంతు. అక్కడ వేరుశనగ చేను ఎండితే రైతు ఇంకో బోరు వేస్తాడు, అది పడకపోతే ఇంకొకటి, తరవాత బెంగళూరు బస్సెక్కుతాడు. మన వలసలన్నిటికీ కరువే కారణమని అనను. కులం, భూమి, అప్పు అన్నీ ఉన్నాయి. కానీ 1876–78 నాటి ధాత కరువును తలుచుకుంటే, వాన తప్పడం ఎంత, పాలన తప్పడం ఎంత అన్నది ఎలా పెనవేసుకుంటుందో తెలుస్తుంది. పసిఫిక్‌లో పుట్టిన ఎల్‌నినో ఆ కరువుకు మూలం. కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు మాడిపోతుంటే ధాన్యం రైళ్ళలో రేవులకు పోతూనే ఉంది, కరువు పర్యవేక్షణకు ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిలో ధాన్యాన్ని రోజుకు పౌనుకు తగ్గించాడు. వాతావరణం దెబ్బ కొడుతుంది, ఆ దెబ్బ ఎవరి మీద పడాలో ఆర్థిక వ్యవస్థ నిర్ణయిస్తుంది.

ఎల్‌నినో 2023లో మళ్ళీ వచ్చింది. ఆ ఆగస్టు దేశంలో 1901 నుంచి లెక్కలున్నన్నాళ్ళలోకీ అతి పొడి ఆగస్టు. అప్పటికే, జులై 20న, కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. సింగపూర్ ప్రభుత్వం ఢిల్లీతో మాట్లాడుకుంది. ఆగస్టు చివరికి ప్రత్యేకంగా 50 వేల టన్నులకు అనుమతి వచ్చింది.  ఆఫ్రికాలో ఆ బియ్యం మీదే ఆధారపడ్డ పేద దేశాలకు ధర పెరిగిన సెగ బాగానే తగిలింది. కొనేవాడు డబ్బు ఇస్తూనే ఉన్నాడు కదా, ఇందులో రైతుకు అన్యాయమేముందని ఒక వాదన ఉంది. బియ్యం ధరలో ఎరువు, కూలి, మిల్లు, ఓడ ఉన్నాయి. తెలంగాణలో ఆ వరికి తోడిన భూగర్భ జలం వెల మాత్రం అందులో లేదు. ఉచిత కరెంటు రూపంలో రాష్ట్ర ఖజానా, పడని బోర్ల రూపంలో రైతు ఆ ఖర్చు భరిస్తున్నారు. గాంబియర్ బిళ్ళ ధరలో వంటచెరకు లేనట్టే.

ఆ ధర కట్టడం అసాధ్యమని మాత్రం ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే సింగపూర్ ఒకసారి కట్టింది. 1990లో జోహోర్ నదికి పైన లింగియు ఆనకట్ట కట్టుకోవడానికి ఒప్పందం కుదిరినప్పుడు, దాదాపు 21,600 హెక్టార్ల నేలకు, అందులో కలప కొట్టుకుంటే వచ్చే ఆదాయం పోతున్నందుకు కలిపి 32 కోట్ల రింగిట్లు జోహోర్‌కు పరిహారంగా ఇచ్చింది. నరకని చెట్టుకు వెల ఉంటుందని ఒక గవర్నమెంటు ఇంకో గవర్నమెంటుకు డబ్బు లెక్కపెట్టి ఒప్పుకున్న సందర్భం అది. 2016 అక్టోబరులో అదే లింగియు రిజర్వాయరు నీటిమట్టం 20 శాతానికి పడిపోయింది. అడవిని కాపాడినా వాన తప్పితే చేయగలిగేది తక్కువ. ఆ లోటును సింగపూర్ మురుగును శుద్ధిచేసిన నీటితో, ఉప్పు తీసిన సముద్రపు నీటితో పూడ్చుకుంటోంది. పెరిగే సముద్రం నుంచి దీవిని కాచుకోవడానికి వందేళ్ళలో పదివేల కోట్ల సింగపూర్ డాలర్లు కావచ్చని 2019లో అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ ప్రకటించారు. అంతర్జాతీయ వాతావరణ ఒప్పందంలో ఈ దేశం ఇప్పటికీ అభివృద్ధి చెందుతున్న దేశాల జాబితాలోనే ఉంది. అదే జాబితాలో ఉన్న పేద దేశాలన్నిటి నష్టాలకూ కలిపి ఏర్పాటైన నిధికి 2023 దుబాయ్ సమావేశంలో వచ్చిన వాగ్దానాలు సుమారు 70 కోట్ల అమెరికన్ డాలర్లు. ఉద్దానంలో ఒరిగిన కొబ్బరి చెట్టుకు, అనంతపురంలో పడని బోరుకు లింగియు పద్ధతిలో వెల కట్టమని అడిగే హక్కు మనకుంది. ఆ లెక్కను ముందుగా మన రాష్ట్రాలే గ్రామాల వారీగా రాసి పెట్టుకోవాలి. రాయని బాకీని ఏ సమావేశంలోనూ ఎవరూ తీర్చరు.